ఉరఫ్

కోర్టు గేటు దగ్గర రెండే వరుసలు.
మగవాళ్ళది పొడుగు, ఆడవాళ్ళది పొట్టి.
ఆమె ఏ వరుసలోనూ చేరకుండా
బొండాల బండి నీడలో గంటసేపు నిలబడడం
టైపు మిషను వెనకనించి చూస్తూనే ఉన్నాను.

ఇరవై ఆరేళ్ళుగా మేయో హాలు గోడవారన
నాదీ ఒక బల్ల, ఒక గొడుగు.
కంప్యూటర్లొచ్చి పక్కవాళ్ళంతా లేచిపోయారు.
నేను మిగిలాను కార్బన్ కాగితాలతో,
మా ములబాగిలు తెలుగుతో.

ఆ తెలుగు వినే వచ్చింది.
"అక్కా, మీది మా పక్కనేనా?"
మడకశిర దగ్గరట.
"పేరు మార్పించుకోవాల" అని
కొంగు చాటునుంచి ప్లాస్టిక్ కవరు తీసి
బల్లమీద గుమ్మరించింది.

ఒక లాయరు ఐదువేలు తీసుకుని ఫోనెత్తడం మానేశాడు.
ఇంకొకాయన చీకటిపడ్డాక ఆఫీసుకు ఒంటరిగా రమ్మన్నాడు.
ఉచిత సహాయం గది రెండో అంతస్తులో ఉంది, నిజమే.
ఆధార్ తెమ్మన్నారు, తెచ్చింది.
ఈ ఫొటో నీది కాదే అన్నారు.
ఆ ఫొటో మారాలంటే ఈ కాగితం కావాలి,
ఈ కాగితం కావాలంటే ఆ ఫొటో.
"గానుగెద్దుకైనా పొద్దుగూకితే కట్టు విప్పుతారక్కా."

చివరికి గురువారాల్లో ఫ్లాస్కుతో వచ్చి
మెట్లమీద కూర్చునే తెహ్‌మీనా మేడమ్
ఆనాటి కేసుల జాబితా వెనకవైపు
చిత్తు రాసిచ్చింది.
ఫీజు ఎంతని అడిగితే
"టీ తాగావా?" అన్నదట.

మిషనులోకి కాగితం తిప్పాను.
"కొత్త పేరు?"
ఏ సినిమా పేరో చెబుతుందనుకున్నా.
"ఓబులమ్మ."
నా వేళ్ళు ఆగాయి.
"మా జేజి పేరు. జేజి సచ్చిపోతే
నన్ను గడప తొక్కనీలేదు.
పేరుకు గడప యాడిదక్కా?"

అసలు చిక్కు అప్పుడొచ్చింది.
చట్టం భాషలో మనిషి మారాలంటే
మారకముందు మనిషిని సాక్షిగా పిలవాలి.
ఇంగ్లీషులో అలియాస్ అంటారు,
మా తాలూకాఫీసు తెలుగులో ఉరఫ్.
ఫలానా ఉరఫ్ ఓబులమ్మ.
పూర్వం ఫలానాగా పిలవబడిన సదరు ఓబులమ్మ.
ఇకమీదట ఫలానా అను పేరును విడిచి...

"ఎన్నిసార్లు కొడతావక్కా ఆ పేరు?"
లెక్కపెట్టాను. ఏడు.
వడ్డీతో సహా అప్పు విన్నట్టు తలాడించింది.

లాయరు రాసిన చిత్తులో
కామా కూడా కదిపి ఎరగను నేను.
ఆరోజు కాగితం పట్టుకుని మెట్లదాకా వెళ్ళాను.
"మేడమ్, ఆ పేరు మొదట్లో ఒక్కసారి చెప్పేసి
తర్వాతంతా 'నేను' అంటే కోర్టు ఒప్పుకోదా?"
కళ్ళజోడు పైకి తోసుకుని
చదివి, మళ్ళీ చదివి,
ఆరు చోట్ల గీత కొట్టింది.

నేను. నేను. నేను.
ఇంగ్లీషులో అది ఒంటి అక్షరం.
నిటారుగా నిలబడుతుంది.
ఆడో మగో ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు దానికి.
ఎన్ని లక్షల సార్లు కొట్టి ఉంటానో,
అదొక మనిషని ఎన్నడూ తోచలేదు.

తెలుగులో చదివి వినిపించాను:
ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో...
"బలవంతం లేకుండానా?" అని
గాజులు మోగేలా నవ్వింది.
"పోనీలే, అట్లనే ఉండనీ."

సంతకం తెలుగులో పెట్టింది.
ఓ దగ్గర చాలాసేపు.
ఆఖరి మ్మ గీత దాటి
నోటరీ ముద్ర పడే చోటికి పోయింది.

ముద్ర, పేపరు ప్రకటన, గెజిట్టు, మళ్ళీ ఆధార్,
ఇంకా ఎన్ని కిటికీలున్నాయో వరసగా చెప్పాను.
కాసేపైనా చెప్పకుండా ఉండాల్సింది.

ఆమె వెళ్ళాక కార్బన్ ఎత్తి ఎండకు పట్టాను.
ఆ పేరు ఉంది అందులో, ఒక్కసారి.
చింపేద్దామనుకున్నా.
కొత్త కార్బను, ఇంకా పది సార్లకు వస్తుంది.
పక్కన పెట్టాను.

ఈ పొద్దున దాంతోనే ఎవరిదో
బాడుగ ఒప్పందం కొట్టాను.
పదకొండు నెలలు, అడ్వాన్సు,
గోడలకు మేకులు కొట్టరాదు,
కుటుంబం గలవారికి మాత్రమే.
మళ్ళీ ఎండకు పట్టి చూశాను.
ఏ అక్షరం ఎవరిదో తెలియలేదు.